హాలు గోడకి చెక్క ప్యానెలింగ్: వెనీరా, డబ్ల్యూపీసీనా? తిరుపతి, చిత్తూరు వైపు చేయించినోళ్లు చెప్పండి

బైరాగిపట్టెడ_బాబు | ఆగస్టు 22, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడలో మా నాన్న 18 ఏళ్ల కిందట కట్టించిన ఇల్లు మాది. కింద అమ్మానాన్న, పైన మేము. పై హాల్లో టీవీ ఉన్న గోడ 12 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. ఎన్నిసార్లు రంగు వేయించినా రెండేళ్లు తిరక్కుండానే కిందపక్క పెచ్చులు లేస్తోంది. ఈసారి రంగు మాటే ఎత్తొద్దు, మొత్తం చెక్కతో కప్పించేయ్ అని మా ఆవిడ ఆర్డరు. సంక్రాంతి వెళ్లాక మా చెల్లెలి నిశ్చితార్థం ఇంట్లోనే, కాబట్టి ఆలోపు అయిపోవాలి.

ఇద్దరిని పిలిచి అడిగినా. ఒకాయన 12 ఎంఎం ప్లై మీద టేకు వెనీర్ (అసలు టేకునే పలచటి పొరగా కోసి అతికించేది), పాలిష్‌తో సహా చదరపు అడుగుకి 650 అన్నాడు, 114 చదరపు అడుగులకి 74,100 అవుతుంది. ఇంకొకాయన డబ్ల్యూపీసీ లూవర్లయితే (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన గాళ్ల పట్టీలు) 260కే చేస్తా, రెండు రోజుల్లో చేతులు దులుపుకొని పోతా అన్నాడు. మొదటాయన రెండో దాన్ని ప్లాస్టిక్ అంటాడు, రెండో ఆయన మొదటి దాన్ని చెదల మేత అంటాడు. ఎవరి మాట వినాలి?

అద్దెకొంప | ఆగస్టు 22, రాత్రి 9:52
శేషాచలం కొండ కింద కూర్చుని టేకు వెనీర్ ఏందన్నా, ఎర్రచందనం పెట్టించు 😄

బైరాగిపట్టెడ_బాబు | ఆగస్టు 22, రాత్రి 9:55
హాలు గోడ సోకుకి పోయి జైలు గోడ చూడాల్సి వస్తుంది నాయనా. సీరియస్‌గా చెప్పండి ఎవరైనా.

గ్రీమ్స్‌పేట_గీత | ఆగస్టు 22, రాత్రి 10:15
మాది చిత్తూరు. పోయిన సంవత్సరం మేము డబ్ల్యూపీసీ లూవర్లే వేయించాం, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. చూడ్డానికి బాగుంటుంది, ఫోటోల్లో ఇంకా బాగుంటుంది. నిజంగానే రెండు రోజుల పని. చెయ్యేసి చూస్తే మాత్రం చెక్క కాదని తెలిసిపోతుంది, అది వేరే సంగతి. ఆ గాళ్లలో దుమ్ము ఎంత చేరుతుందో వేయించుకున్న వాళ్లకే తెలుసు. గుడ్డతో తుడిస్తే పైపైనే పోతుంది, పెయింటు బ్రష్ పెట్టి ఒక్కో గాడి గీరాలి. పడమటి గోడకి కూడా వేయించాం. ఏప్రిల్ ఎండలకి కిటికీ పక్కన ఒక పీసు ఉబ్బి బయటికొచ్చింది. ముక్కకీ ముక్కకీ, పైన సీలింగుకీ మధ్య సందు వదలకుండా బిగించేశారంట, వేడికి సాగితే పోవడానికి చోటేదీ? మళ్లీ వాళ్లనే పిలిచి పైన కొంచెం కోయిస్తే సర్దుకుంది.

ఇంకోటి, నవ్వొద్దు. పైన వదిలిన ఆ సందులో ఒక బల్లి కాపురం పెట్టింది. టీవీలో వార్తలు మొదలైతే చాలు బయటికొస్తుంది.

తిరుచానూరు_అత్త | ఆగస్టు 23, ఉదయం 6:20
బాబూ, హాల్లోనే దేవుడి మందిరం ఉందా మీకు? ఉంటే ఆ గోడకి ఏదీ వద్దు. శుక్రవారం సాంబ్రాణి, రోజూ అగరొత్తులు, దీపం మసి, నూనె చేతులు. మా అమ్మాయి ఇంట్లో మందిరం వెనక తెల్ల ప్యానెల్ పెట్టించారు, ఆరు నెలల్లో పసుప్పచ్చగా అయి కూర్చుంది. దీపానికి అంత దగ్గర చెక్కయినా ప్లాస్టిక్ అయినా ప్రమాదం కూడా. రాయి పెట్టించుకోండి, లేదంటే టైలు.

పండక్కి ఇల్లు కడుగుతారా, తుడుస్తారా అది కూడా చూసుకోవాలి. బకెట్లతో నీళ్లు పోసి కడిగే ఇల్లయితే కింద జానెడు చెక్క ఏడాది తిరక్కుండా నల్లబడుతుంది.

సివిల్_సామి | ఆగస్టు 23, ఉదయం 8:05
అందరూ చెక్క గురించి చెప్తున్నారు, గోడ సంగతి ఎవరూ అడగరేంటి. బాబు గారూ, రెండేళ్లకోసారి కిందపక్కే పెచ్చులు లేస్తోందన్నారు కదా. పై అంతస్తు గోడకి నేలలోంచి చెమ్మ ఎక్కదు. ఆ గోడకి అవతల ఏముంది?

బైరాగిపట్టెడ_బాబు | ఆగస్టు 23, ఉదయం 8:30
బాత్రూమ్ సార్.

సివిల్_సామి | ఆగస్టు 23, ఉదయం 8:41
అనుకున్నా. ప్యానెల్ వేసేస్తే పెచ్చులు మీ కంటికి కనపడవు, అంతే. లోపల నెమ్ము నెమ్ముగానే ఉంటుంది, గాలి ఆడదు కాబట్టి ఇంకా పెరుగుతుంది, బూజు పడుతుంది. చీకటి, చెమ్మ, చెక్క మూడూ ఒకచోట కుదిరితే చెదలకి ఇంకేం కావాలి, మీరు ఆకేసి వడ్డించినట్టే.

ముందు ఒక పని చేయండి, రూపాయి ఖర్చు లేదు. రెండడుగులు బై రెండడుగులు పాలిథిన్ కవరు, పారదర్శకంగా ఉండేది, తీసుకుని గోడకి కింద ఒకటి, నడుం ఎత్తులో ఒకటి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. పెచ్చులు గీకేసి, దుమ్ము తుడిచి అంటించండి, లేకపోతే టేపు ఆగదు. రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు చేరితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు చెమర్చితే అది గదిలో గాలి తేమ, దానికి భయపడక్కర్లేదు.

ఎన్నారై_అల్లుడు | ఆగస్టు 23, ఉదయం 9:10
డాలస్‌లో ఉంటాను, అత్తగారిది పద్మావతీపురం. ఇక్కడ మేము శని, ఆదివారాల్లో మా గోడ మేమే చేసుకున్నాం. గోడ లోపల 16 అంగుళాలకి ఒక చెక్క స్టడ్ (నిలువు బద్ద) ఉంటుంది, అది యాడుందో కనిపెట్టి పైన్ పలకలు మేకుల గన్నుతో కొట్టేయడమే. కార్పెంటర్‌కి అంత డబ్బులెందుకు? యూట్యూబ్ చూసి మీరే చేసుకోవచ్చు.

చెక్కాచారి | ఆగస్టు 23, మధ్యాహ్నం 1:30
అల్లుడు గారూ, అక్కడి గోడ లోపల చెక్కే ఉంటుంది కాబట్టి మేకు కొడితే పట్టుకుంటుంది. ఇక్కడ ఇటుక, సిమెంటు. మేకు కొడితే మేకన్నా వంగుతుంది, పూతన్నా రాలుతుంది. డ్రిల్ వేసి, ప్లగ్గు దించి, మర బిగించాలి. అదీ అవతల బాత్రూమ్ పైపు యాడ పోతోందో కనుక్కున్నాకే. ఒకసారి కట్టమంచిలో ఒకరింట్లో డ్రిల్ పెట్టి పైపులో దించినా, ఆ రోజు నేను పడిన తిట్లు మా నాన్న చేతిలో పని నేర్చుకునేటప్పుడు కూడా పడలేదు.

మాది చిత్తూరు, 25 ఏళ్లుగా చెక్కపని. ఈ చర్చ చూస్తున్నా, సాయంత్రం తీరిగ్గా రాస్తాను. సివిల్ సార్ చెప్పిన కవరు పని మాత్రం ఇవాళే చేయండి.

అద్దెకొంప | ఆగస్టు 23, మధ్యాహ్నం 1:44
మా ఓనరు గోడకి క్యాలెండరు మేకు కొట్టనివ్వడు. మీ కష్టాలు చూస్తే అదే నయమనిపిస్తోంది.

చెక్కాచారి | ఆగస్టు 23, రాత్రి 10:05
ఇప్పుడు తీరింది. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

డబ్ల్యూపీసీకి చెద పట్టదు అన్నాయన మాట అబద్ధం కాదు గానీ సగమే. దానికి పట్టదు. దాని వెనక గోడకి కొట్టే రీపర్లు (ప్యానెల్‌ని మోసే సన్న పట్టీలు) ఏం చెక్క? చవక పని అంటే పచ్చి సిల్వర్‌వోక్ రీపర్లో, పెట్టెలు విప్పిన చెక్కో కొట్టి పోతారు. చెదలు అక్కడ కాపురం పెట్టి, ముందు నుంచి లూవరు నిగనిగలాడుతుంటే వెనకంతా మట్టి చేసేస్తాయి. అలా రెండు ఇళ్లలో విప్పినా. కాబట్టి ముందు ఏది వేస్తారు అన్నదానికంటే వెనక ఏం కొడతారు అన్నది ముఖ్యం. నన్నడిగితే బాత్రూమ్ గోడ కాబట్టి రీపర్లు చెక్కవే వద్దు, అల్యూమినియం పెట్టించుకోండి. ఖర్చు కొంచెం ఎక్కువే, నిద్ర పడుతుంది.

ఇక ప్లై. అడుగున వేసేదానికి షాపులో రెండు పేర్లు చెప్తారు, కమర్షియల్ అని, వాటర్‌ప్రూఫ్ అని. కమర్షియల్ అంటే ఎంఆర్, కొంచెం తేమకి మాత్రమే ఓర్చే రకం, పొడి గదికి సరిపోతుంది. మీ గోడకి ఐఎస్ 710 అని ముద్ర ఉన్నదే తీసుకోండి. ఆ గ్రేడుని 72 గంటలు మరిగే నీళ్లలో పెట్టి పరీక్ష చేయాలని రూలు. ముద్ర చూసి మోసపోవద్దు, ముద్ర ఎవడైనా కొట్టుకుంటాడు. ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ అని ప్రభుత్వ యాప్ ఉంది, అందులో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో వస్తుంది. తర్వాత షీటు అంచు చూడండి. పొరల మధ్య ఖాళీలు కనపడితే, పుట్టీ పెట్టి మూసి ఉంటే వదిలేయండి. షీటుని ఈ చివర నుంచి ఆ చివరికి వేలి ముడుకుతో కొడుతూ రండి. మంచిది ఒకే రకంగా పలుకుతుంది. మధ్యలో డప్పు మాదిరి మోగితే లోపల డొల్ల.

ముఖ్యమైనది ఇప్పుడు చెప్తా. షీటు ఎనిమిదడుగులు, మీ గోడ తొమ్మిదిన్నర. మిగతా అడుగున్నర ఏం చేస్తాడో మీకు రేటు చెప్పినాయన చెప్పినాడా? చెప్పి ఉండడు. పైన ముక్క అతికిస్తారు. అతుకు దగ్గర వెనీర్ గీతలు కలవవు. పాలిష్ కొట్టాక ఆ అతుకు ఇంకా బాగా కనపడుతుంది, కూర్చున్న ప్రతి చుట్టమూ దాన్నే చూస్తాడు. మీ గోడ కింద నాలుగంగుళాల స్కర్టింగ్ టైలు ఉందా? ఉంటే దాన్ని అట్లే వదిలి, దాని పైనుంచి ఎనిమిదడుగులు నిలువుగా ఒకే షీటు. పైన 14 అంగుళాలు మిగుల్తుంది, దానికి మామూలు రంగు. అత్త గారు చెప్పిన బకెట్ నీళ్లు కూడా చెక్కని తాకవు. పొడవు 12 అంటే నాలుగడుగుల షీట్లు సరిగ్గా మూడు. 114 అడుగుల పని 96కి వస్తుంది, అతుకు ఉండదు, తరుగు ఉండదు.

వెనీర్ కొనేటప్పుడు మూడు షీట్లూ ఒకే లాటువి, వరస నంబర్లవి అడగండి. ఒకే దుంగ నుంచి వరసగా కోసిన పొరలైతే గీత పక్క షీటులోకి నడిచి వస్తుంది. మీరే షాపుకి పోయి మూడూ నేల మీద పక్కపక్కన పరిచి చూసుకోండి. వాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

పాతిల్లు | ఆగస్టు 24, ఉదయం 7:15
ఆచారి గారి పోస్టు అచ్చు తీసి పెట్టుకోవాలి. నాది వేరే దారి, చెప్తాను. చంద్రగిరిలో మా అమ్మమ్మ వాళ్ల పాత మిద్దె కూల్చినప్పుడు దూలాలు, తలుపు రెక్కలు పాత సామాన్ల వాడికి ఇవ్వబుద్ధి కాక తెచ్చుకుని కోత మిల్లులో పలకలు కోయించినా. మిల్లు ఆయన మొదటి మాట, మేకులున్నాయా? లేవన్నా. మొదటి దూలంలోనే ఎప్పటిదో చతురస్రపు ఇనుప మేకు, రంపం పళ్లు మూడు ఎగిరిపోయినాయి. బ్లేడు డబ్బులు నేనే కట్టినా. తర్వాత అయస్కాంతం పెట్టి ప్రతి అంగుళం వెతికి ఇచ్చినా.

బూడిద రంగులో ఉన్న పలకని చిత్రిక పడితే లోపలి చేవ తేనె రంగులో బయటపడింది, వాసన కూడా వచ్చింది, అన్నేళ్ల తర్వాత. అంచున తెల్లగా ఉన్న భాగం మాత్రం పురుగు తినేసి పిండి పిండి, అదంతా కోసి పారేసినాం. మిగిలింది హాలు చుట్టూ నడుం ఎత్తుకి, మూడడుగులకి సరిపోయింది. పలకకీ పలకకీ మధ్య రెండు ఎంఎం సందు వదిలి వేయించినా. చెక్క పొడవు మారదు గానీ అడ్డం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. నవంబరులో ఆ సందులు దాదాపు మూసుకుంటాయి, మే నెలలో ఏటీఎం కార్డు దూరుతుంది.

ఖర్చు మాత్రం అడక్కండి, కొత్త వెనీర్ కంటే ఎక్కువైంది.

గ్రీమ్స్‌పేట_గీత | ఆగస్టు 24, ఉదయం 7:50
అమ్మమ్మ తలుపుల ముందు నా లూవర్లు చిన్నబోయాయి. బల్లి ఒక్కటే నా వైపు.

బైరాగిపట్టెడ_బాబు | ఆగస్టు 25, రాత్రి 8:20
కవర్లు తీసినాం. నడుం ఎత్తులోది పొడిగా ఉంది. కిందిది చూస్తే గోడ వైపు బొట్లు బొట్లుగా, వేలితో రాస్తే గీత పడేంత. మా ఆవిడ కూడా చూసింది. గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది కూడా ఇప్పుడే గమనించినాం, ఇన్నాళ్లూ సున్నం అనుకున్నాం.

సివిల్_సామి | ఆగస్టు 25, రాత్రి 8:45
టీవీ కొత్తది కొనకండి, ప్లంబర్‌ని పిలవండి. పైపు లీకా, నేల లీకా ముందు తేల్చాలి. రాత్రి ఆ బాత్రూమ్ కుళాయిలన్నీ కట్టేసి, దానికి పోయే లైను మీద ప్రెజర్ పరీక్ష పెట్టించండి. పైపు బాగుంటే నేల ట్రాపుకి (నీళ్లు బయటికి పోయే జాలీ గుంటకి) గుడ్డ కుక్కి, రెండంగుళాలు నీళ్లు నింపి, మట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి ఒక రోజు వదలండి. కింద అమ్మ వాళ్ల సీలింగు కూడా చూడండి, అక్కడ మరక ఉంటే దాదాపు నేల నుంచే.

బైరాగిపట్టెడ_బాబు | సెప్టెంబరు 3, రాత్రి 9:30
తేలింది. పైపులు బాగున్నాయి. నేల మీద గీత గీసి వదిలితే తెల్లారేసరికి నీళ్లు వేలెడు దిగినాయి. ట్రాపు చుట్టూ సిమెంటు నాని వదిలేసింది, టైల్స్ మధ్య సందులు పూడ్చే గ్రౌటు కూడా చాలా చోట్ల లేదు. అమ్మ వాళ్ల సీలింగులో మరక ఉందా అని అడిగితే, అది 2021 నవంబరు వానలప్పటిది అనుకున్నాం అంటోంది. అప్పుడు ఊరంతా నీళ్లే కదా, ఎవరింట్లో ఏ మరక కనపడినా ఆ వాన ఖాతాలోనే రాసేసుకున్నాం.

నేల టైల్స్ తీయించి, ట్రాపు మార్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి మళ్లీ వేయిస్తున్నా. ప్యానెల్‌కి దాచిన డబ్బుల్లో సగం బాత్రూమ్ తాగేసింది.

అద్దెకొంప | సెప్టెంబరు 3, రాత్రి 9:41
చెక్క కోసం వచ్చి ట్రాపులో పడ్డావన్నా.

సివిల్_సామి | సెప్టెంబరు 4, ఉదయం 7:30
మంచి పని జరిగింది. హాలు వైపు మూడడుగుల ఎత్తు దాకా పాత పూత ఇటుక కనపడేదాకా చెక్కించి, ఉప్పు బ్రష్‌తో రుద్ది, అలాగే వదిలేయండి. వెంటనే పూత వేయొద్దు. ఇటుక లోపలి నీరు ఆరడానికి వారాలు పడుతుంది, ఫ్యాను పెట్టండి, కిటికీలు తెరిచి ఉంచండి. పూత వేశాక అది కూడా ఆరాలి. అది ఆరింది అనుకున్నప్పుడు మళ్లీ కవరు పరీక్ష. బొట్టు లేకపోతేనే డ్రిల్. మామూలుగా మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, ఉన్న ఎండలు వాడుకోండి.

తిరుచానూరు_అత్త | సెప్టెంబరు 4, ఉదయం 9:00
చెల్లెలికి సంబంధం ఎక్కడమ్మా? ఊరికే అడుగుతున్నా.

బైరాగిపట్టెడ_బాబు | సెప్టెంబరు 4, ఉదయం 9:12
మదనపల్లె అత్తా 🙂

కరకంబాడి_కరెంటు | సెప్టెంబరు 6, మధ్యాహ్నం 3:10
నేను ఎలక్ట్రీషియన్ని, ఒక మాట. ప్యానెల్ వేశాక పాత స్విచ్ బోర్డు గోడలో లోతుగా ఉండిపోతుంది. కొందరు చెక్కకి రంధ్రం కోసి, పొడుగు మరలు పెట్టి ప్లేటు ముందుకి లాగేస్తారు. అప్పుడు వైర్ల అతుకులు చెక్కకి తగులుతూ ఉంటాయి, లూజైతే అక్కడే వేడెక్కుతుంది. బాక్సుని కూడా ప్యానెల్ మట్టానికి ముందుకి తెప్పించండి, డబ్బా లోపలే అతుకులుండాలి. టీవీ వైర్లకి ముందే పైపు వేయించి లోపల ఒక తాడు వదిలి పెట్టండి. రేపు ఇంకో వైరు లాగాలంటే ఆ తాడే దిక్కు. అవే పైపుల్లోంచి చెదలు కూడా నడిచి వస్తాయి, పని అయ్యాక నోళ్లు సీల్ చేయించండి.

బైరాగిపట్టెడ_బాబు | అక్టోబరు 19, రాత్రి 10:00
పూత వేసి మూడు వారాలైంది. రెండు రోజుల కిందట కవరు అంటించి ఇవాళ తీసినాం, ఎండిన ఆకు మాదిరి ఉంది. ఆచారి గారూ, మీ లెక్కే ఖాయం చేసుకున్నా: మూడు షీట్లు, స్కర్టింగ్ పైనుంచి, అల్యూమినియం ఫ్రేము. ముందు 650 చెప్పినాయనే చేస్తున్నాడు, 96 అడుగులకి 62,400, అల్యూమినియంకి పైన ఇంకొంత. మీరు చెప్పిన అతుకు సంగతి అడిగితే కాసేపు గోడ వైపు చూసి, మీకెవరు చెప్పినారు సార్ అన్నాడు.

వెనీర్ షాపులో మూడూ నేల మీద పరిపించినా. విసుక్కున్నాడు.

చెక్కాచారి | అక్టోబరు 19, రాత్రి 10:40
😀 ఇంకొన్ని గుర్తు పెట్టుకోండి. షీట్లు రాగానే బిగించొద్దు, అదే హాల్లో కింద సన్న పట్టీలు పెట్టి మూడు రోజులు పడుకోబెట్టండి. గోడకి ఆనించి నిలబెడితే వంగుతాయి. ఫ్రేము బిగించేటప్పుడు పక్కనే నిలబడి తూకం గుండు వేయించండి. 18 ఏళ్ల గోడ నిక్కచ్చిగా ఉండదు, ఎక్కడో అర అంగుళం పొట్ట ఉంటుంది, అక్కడ ఫ్రేము వెనక ప్యాకింగ్ ఇచ్చి సరిచేయాలి. గోడ వంకరని బట్టి చెక్కని లాగి బిగిస్తే కొన్నాళ్లకి అతుకులు నోరు తెరుస్తాయి. షీటు వెనక పక్క కూడా ప్రైమరు కొట్టించండి. ముందు మాత్రమే పాలిష్ పడితే ఆ పక్క తేమ పీల్చదు, వెనక పీలుస్తుంది, షీటు అప్పడం మాదిరి వంగుతుంది.

చివరిగా, బాత్రూమ్ మూల దగ్గరున్న షీటుని జిగురుతో అతికించొద్దు. మరలతోనే బిగించమనండి, ఇత్తడి మరలు, తలలు పైకి కనపడేవి, అందంగానే ఉంటాయి. వాన తర్వాత విప్పి లోపల చూసుకోవచ్చు.

ఎన్నారై_అల్లుడు | అక్టోబరు 20, ఉదయం 6:30
తేలిగ్గా చెప్పేశాను మొదట్లో, ఇంత కథ ఉందనుకోలేదు. మా అత్తగారు కూడా ఇప్పుడు వేయించాలంటున్నారు, వాళ్ల గోడకి కవరు అంటించమని ఫోన్ చేసి చెప్పాను. అంటించి, దాని మీద వినాయకుడి క్యాలెండరు తగిలించారంట.

గ్రీమ్స్‌పేట_గీత | అక్టోబరు 20, ఉదయం 8:00
పాలిష్ ఏం వేయిస్తున్నారు? మా అన్న వాళ్లింట్లో పీయూ (పాలియురేథేన్ పాలిష్) స్ప్రే కొట్టించారు, వారం రోజులు ఆ వాసనకి కళ్లు మండి పక్కింట్లో పడుకున్నారు. మీకు చిన్నపిల్లలుంటే ఆ నాలుగు రోజులూ కింద అమ్మ దగ్గరికి వెళ్లిపోండి. ప్లై కూడా ఈ1, ఈ0 అని అడగండి. ఆ ఘాటు తక్కువుండే జిగురు వాడినవి అవి, ఈ0 ఇంకా తక్కువ.

బైరాగిపట్టెడ_బాబు | అక్టోబరు 20, ఉదయం 8:25
పీయూనే అక్కా, మ్యాట్. ముందు ఒక ముక్క మీద కొట్టి చూపించమన్నా. నిగనిగలాడేది వద్దనుకున్నాం, టీవీ వెలుగు అందులో కనపడుతుంది. ఆ ముక్కని ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూస్తే రెండు వేరే చెక్కల్లా ఉన్నాయి, ట్యూబ్‌లైటు రంగు ఒప్పుకున్నాకే ఊ అన్నాం. పాప, మేము కిందే పడుకుంటున్నాం.

పాతిల్లు | నవంబరు 8, రాత్రి 9:00
ఏమైందన్నా? ఫోటో ఏదీ?

బైరాగిపట్టెడ_బాబు | నవంబరు 8, రాత్రి 11:10
అయిపోయింది. బాగుంది అని నేను చెప్పకూడదు గానీ బాగుంది. గీత మూడు షీట్ల మీదా కొండ వాలు మాదిరి నడిచి పోయింది. రెండో షీటుకీ మూడో షీటుకీ మధ్య గాడి పైన 3 ఎంఎం, కింద 4 ఎంఎం, నాకు తప్ప ఎవరికీ కనపడదని మా ఆవిడ అంటోంది. నాకు మాత్రం సోఫాలో కూర్చుంటే అదే కనపడుతోంది. టేపు పెట్టి కొలుద్దామని కార్పెంటర్‌ని అడిగితే ఆయన టేపు కనపడలేదు. పని చేసే కుర్రాడే ఎక్కడో పారేసినాడని వాణ్ని మా ముందే అరిచినాడు పాపం. వాడు ఏడుపు ముఖం పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

పైన మిగిలిన 14 అంగుళాలకి ఏమన్నా పెడదామా అని ఆలోచన.

తిరుచానూరు_అత్త | నవంబరు 9, ఉదయం 6:10
ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కుతారు కదా, సన్న పట్టీ మాదిరి హంసలో లతలో చెక్కించుకో. లేదా ఖాళీగా వదిలెయ్, గోడకి కూడా ఊపిరాడాలి.

బైరాగిపట్టెడ_బాబు | డిసెంబరు 6, రాత్రి 8:15
నాలుగు రోజులు వాన వదల్లేదు కదా, ఇవాళ తెరపిచ్చింది. ఆచారి గారు చెప్పినట్టు మూల షీటు ఇత్తడి మరలు విప్పి చూసినాం, నేనూ నాన్నా పట్టుకుని దింపినాం. గోడ పొడిగా ఉంది, చెయ్యి పెడితే చల్లగా ఉందంతే. ఉప్పు లేదు, మట్టి గీతలు లేవు. అల్యూమినియం అడ్డపట్టీ మీద, రెండు ప్లగ్గుల మధ్య, పసుప్పచ్చ టేపు ఒకటి హాయిగా కూర్చుని ఉంది.

అద్దెకొంప | డిసెంబరు 6, రాత్రి 8:18
😂😂 పాపం ఆ కుర్రాడు!

చెక్కాచారి | డిసెంబరు 6, రాత్రి 8:50
ఫోన్ చేసి చెప్పినారా ఆయనకి?

బైరాగిపట్టెడ_బాబు | డిసెంబరు 6, రాత్రి 9:02
చేసినా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ దగ్గరే పెట్టుకోండి సార్, ఆ పిల్లోడికి మాత్రం చెప్పొద్దండి" అన్నాడు. ఆ పిల్లోడి నంబరు నా దగ్గరుంది. షీటు బిగించే ముందే ఫోటో తీసి వాడికి పంపించేసినా.